ఏడో ముసాయిదా

తరమణిలో నాలుగో అంతస్తు. బయట వాన, మూడోరోజు.
పొడవాటి బల్ల మీద సిలబస్ ఏడో ముసాయిదా,
దాని మీద టీ కప్పులు వదిలిన గోధుమరంగు వలయాలు.
అయిదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీని కత్తిరించి కుట్టే పని మాది.
నేను మినిట్స్ రాసేదాన్ని.

ఎబినేజర్ సార్ చేతి డ్రాయింగుని కాపాడాలని చూశారు.
"గీత గీస్తే వేలికి నొప్పి తెలియాలి" అన్నారు.
కంపెనీల తరఫున వచ్చిన నిషాద్ నవ్వలేదు, పాపం,
మర్యాదగానే అడిగాడు: "ఆ నొప్పికి ఎన్ని క్రెడిట్లు సార్?"
రెండన్నారు సార్.
ఒకటికి బేరం కుదిరింది.

కంప్యూటర్‌లో మెలికలు తిరిగే గోడల కోసం నాలుగు కావాలి.
ఎక్కణ్ణుంచి తేవాలి?
ఇంటికి చుట్టమొస్తే మంచం దులిపి
పిల్లల్ని కింద పడుకోబెట్టినట్టు
'భవన నిర్మాణం - మూడు'ని జరిపారు.
నేను ఇరవైరెండేళ్లుగా చెబుతున్న పేపరు.
నాలుగు క్రెడిట్లు రెండయ్యాయి.
నా చేత్తోనే రాసుకున్నాను, అక్షరం తప్పు లేకుండా.

వరదొచ్చిన ఏడాది కింది స్టూడియోలో
థర్మోకోల్ నగరాలు తేలుతూ గుమ్మం దాటడం చూశాను.
ఆ ఏడు కూడా సిలబస్‌లో ఒక్క అక్షరం తడవలేదు.

అప్పుడే కారింది.
ప్రొజెక్టర్ పక్కన, సరిగ్గా 'అభ్యసన ఫలితాలు' అన్న గడి మీద
ఒక చుక్క. ఆగి, ఇంకొకటి.
తిరుమగళ్ మేడమ్ ముసాయిదాని పక్కకి లాగి
చెత్తబుట్ట తెచ్చి పెట్టారు.
గదిలో పదకొండుమంది ఆర్కిటెక్టులం.
అందరం తలలెత్తి చూశాం.
ఆ చుక్క ఎక్కడ పుట్టిందో ఒక్కరికీ తెలియలేదు.

మెయింటెనెన్స్ వాళ్లు గురువప్పని పంపారు.
ఎగగట్టిన లుంగీ, భుజాన ప్లాస్టిక్ గొట్టం చుట్ట.
కప్పు వైపు చూడనే లేదు,
కిటికీ తెరిచి తల బయటపెట్టాడు.
వాళ్ల తాతలు బావులు తవ్వినవాళ్లట,
నాలుగు తరాలుగా ఇక్కడే, ఇంట్లో ఇంకా తెలుగే.
నా యాస పట్టుకుని దగ్గరికొచ్చి
"అక్కా, ఈ బిల్డింగు గీసినోళ్లు వానని అడగలే" అన్నాడు.

అతని వెంట మేడ ఎక్కాను. గొడుగు ఒకటే.
గొట్టం ఒక కొస నా చేతికిచ్చి "కదలబాకక్కా" అని
రెండో కొసతో నీళ్లల్లో నడుస్తూ పిట్టగోడ దాకా పోయాడు.
గొట్టంలో నీరు ఊగి, ఊగి, నిలబడింది.
నా బొటనవేలి దగ్గర ఒక మట్టం,
అక్కడ అతని గోరు దగ్గర అదే.
టేపు వేసి చూస్తే
తూము ఉన్నవైపే నేల రెండంగుళాలు ఎత్తు.

"నీళ్లకి యాడికి పోవాల్నో మనం చెప్పకుంటే
అవే అడుక్కుంటా లోపలికొస్తాయి."

దూరంగా చిత్తడినేల మీద లేచిన అద్దాల మేడలు
సగం చెరిపిన పెన్సిల్ గీతల్లా ఉన్నాయి.
వాటిలో రెండు మా పిల్లలు గీసినవే.
వాళ్లకి జ్యూరీలో మార్కులేసిన చెయ్యే ఇది,
గొట్టం పట్టుకుని వణుకుతున్నది.

కిందికొచ్చి, చీర కుచ్చిళ్లు పిండుకుని, కొత్త ఎలెక్టివ్ అడిగాను.
పేరు: నీరు పోయే దారి.
రెఫరెన్స్ పుస్తకాలు? లేవు.
చెప్పేదెవరు? చెప్పాను.
"ఆయనకి పీహెచ్‌డీ..." అని ఎవరో మొదలుపెట్టి
బుట్టలో చుక్క చప్పుడికి ఆగిపోయారు.
గెస్ట్ లెక్చర్‌గా పెట్టుకుందాం, ఒక గంట, అన్నాడు నిషాద్.
ఎబినేజర్ సార్ తనకి మిగిలిన ఆ ఒక్క క్రెడిట్‌ని
నా వైపు జరిపారు,
ఏమీ అనకుండా, పాత బాకీ తీర్చినట్టు.

ఫారంలో ఒక గడి మిగిలింది:
ఈ కోర్సుకి ముందు పూర్తిచేసి ఉండాల్సింది.
'ఒక ఐప్పసి వాన' అని టైపు చేశాను.
తిరుమగళ్ మేడమ్ కళ్లజోడు సర్దుకుని చదివారు.
కొట్టెయ్యలేదు.
అక్షరాల సైజు మాత్రం పన్నెండుకి మార్చమన్నారు.